చెంబులో ఎవరి బియ్యం

టీచరమ్మ నన్ను పనిలో పెట్టుకునే ముందు అడిగినన్ని ప్రశ్నలు నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అడగలేదు. నేను గేటు దగ్గర చెప్పులు విడిచి మెట్ల కింద నిలబడి ఉన్నాను. ఆమె పై మెట్టు మీద. లోపలి గదిలో మంచం మీద వాళ్ళ అత్తగారు. బాత్‌రూంలో జారి పడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన పెద్దామె. వైష్ణవుల ఇల్లు. కొడుకు కొండ దేవస్థానం ఆఫీసుకు పోతాడు, కోడలు బడికి పోతుంది. పగలంతా పెద్దామెను చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆ మనిషిని నేనవుదామని వచ్చాను.

"ఏ ఊరు?"

"పలమనేరు అవతల పల్లెమ్మా."

"ఏం చేస్తారు మీవాళ్ళు?"

"సేద్యం. కాపోళ్ళం."

"మాంసం తింటారా?"

"నాకు పడదమ్మా."

తిరుపతిలో పని అడిగే ప్రతి ఆడదీ ఈ మాటే చెబుతుంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆమె ఇంకో పక్కనుంచి వచ్చింది. "ఇంట్లో ఏ దేవుడు?"

అక్కడ నేను ఆగాను. ఇల్లంటే ఏ ఇల్లు? పుట్టింట్లో మాది నామం. పెరటాసి నెల వస్తే మా నాయన కోడిగుడ్డు కూడా గడప తొక్కనిచ్చేవాడు కాదు. శనివారం శనివారం నొసటన నామం దిద్దుకుని, ఇత్తడి చెంబుకు నామం పెట్టి, గోవిందా అని ఇళ్ళ ముందు నిలబడి బియ్యం అడుక్కొచ్చేవాళ్ళం. ఎంత భూమి ఉన్నవాడైనా ఆ నెల అడుక్కోవాల్సిందే. ఆ బియ్యంతో పొంగలి వండి ఆకులో సామికి నైవేద్యంగా తళిగ వేస్తేనే మా ఇంట్లో పండగ. అత్తింట్లో అదంతా లేదు. వాళ్ళకు గంగమ్మే. జాతరకు మేకపోతును కొట్టాల్సిందే, తినాల్సిందే. రెండూ నా ఇళ్ళే.

"నామం ఇంటోళ్ళమమ్మా," అన్నాను.

టీచరమ్మ మొహం కొంచెం వదులైంది. రేపటినుంచి రమ్మంది. ఆ ఇంట్లోకి నేను సగమే పోయాను. మిగిలిన సగాన్ని గేటు బయట చెప్పుల పక్కన విడిచి, సాయంత్రం పోతూ మళ్ళీ తొడుక్కునేదాన్ని.

అంత జాగ్రత్త ఎందుకంటే, ఆ పని పోతే నాకు మరిది వాకిలి తప్ప ఇంకోటి లేదు. మా ఆయన పోయాక అక్కడే ఉన్నాను. మొదట నా పడక లోపలినుంచి వసారాలోకి వచ్చింది. తర్వాత వసారాలోనుంచి పశువుల కొట్టం పక్కకు పోయింది. ఎవరూ పొమ్మనలేదు. పొద్దున లేచి చూస్తే చాప ఇంకోచోట ఉండేది, అంతే. తిరుపతిలో ఒక గది బాడుగకు తీసుకున్నాక, నా చాప నేను పరిచినచోటే ఉంది. అది ఉండాలంటే పని ఉండాలి.

ఆ ఇంటి పద్ధతులు నాకు వింతగా ఉండేవి. పెద్దామెకు స్నానం చేయించవచ్చు. చీర మార్చవచ్చు. ఆమె కింద గుడ్డలు తీసి ఉతకవచ్చు. వంటింటి గడప మాత్రం దాటకూడదు. నా గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. టీచరమ్మ పొద్దున్నే మడితో వండి, గిన్నెల్లో మూతపెట్టి గది బయట బల్ల మీద పెట్టిపోతుంది. మధ్యాహ్నం నేను పెద్దామెకు తినిపించాలి, కానీ చేత్తో కాదు, చెంచాతో.

మొదటిరోజు నాకు ఆగలేదు, అడిగేశాను. "అవ్వా, చెంచా పట్టుకునింది నా చెయ్యే గదా?"

"చెంచా స్టీలుదే. దానికి కులమేముంది?"

"మరి నీళ్ళు?"

"మంచం మీద ఉన్నన్నాళ్ళు నాకు మడి లేదు. లేచి నడిచిన రోజు నుంచి వస్తుంది. నీ సంగతి అప్పుడు చూస్తాను."

ఆమె నాలుక అలాంటిది. నాకు ఆమె మీద కోపం రాలేదు. నమ్మకమూ రాలేదు. ఎందుకంటే ఆమె లేచి నడవాలని అందరికంటే ఎక్కువ పాటుపడేది నేను. నడిచిన రోజు నా సంగతి చూస్తానంటోంది.

ఎండలు తగ్గాక డాక్టర్లు సాయంత్రాలు కూడా ఆమెను స్టాండు పట్టించి నడిపించాలన్నారు. టీచరమ్మకు బడినుంచి వచ్చాక ఓపిక ఉండదు. అందుకని సాయంత్రాలకు ఇంకో మనిషిని పెట్టారు. నగరి పక్కనుంచి వచ్చిన మనిషి. నాకంటే చిన్నది. నొసటన పెద్ద బొట్టు, కాళ్ళకు మెట్టెలు, తల్లో కనకాంబరాలు. ఆ పూలు చూసిన నిమిషంలోనే ఆమె నాకు పడలేదు. అది కులం వల్ల కాదు, ఊరి వల్ల కాదు. పూలవల్ల.

తర్వాత కారణాలు వచ్చాయి. ఆమె ఫోన్లో అరవం మాట్లాడేది. మా పలమనేరు వైపు కూడా అరవం చెవిన పడుతుంది, సంతలో బేరానికి నాలుగు ముక్కలు నాకూ వస్తాయి. కానీ ఆమెది ఇంట్లో మాట్లాడే అరవం. ఒకరోజు నేను పోతూ గేటు దగ్గర ఉండగా గదిలోంచి పెద్దామె పాశురం కూనిరాగం తీస్తోంది. ఒకచోట మరిచిపోయి ఆగింది. నగరి ఆమె తర్వాతి చరణం అందుకుంది. వాళ్ళ ఊరి భజనలో నేర్చుకుందట. ఇక పెద్దామె సంతోషం చూడాలి. తెలుగింటి ముసలమ్మ, అరవంలో పాడుతూ, అరవం మనిషి చేయి పట్టుకుని గదిలో నడుస్తోంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నా గురించేనని నాకు గట్టిగా అనిపించింది.

టీచరమ్మకూ అలాగే అనిపించిందట. ఆమెది కోస్తా. అరవం ముక్క రాదు. అంతకు ముందు నేను "యాడ పెట్టేది" అన్నా, "ఈడే ఉండాది" అన్నా ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకునేది. తన పిల్లలకు నా మాట అనుకరించి చూపించేది కూడా. నగరి ఆమె వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ఒక సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"ఏం మాట్లాడుకుంటారు వాళ్ళిద్దరూ?"

"నాకు తెలీదమ్మా. అరవంలో అంటారు."

"మన తెలుగువాళ్ళకు అర్థం కాకూడదనే."

మన తెలుగువాళ్ళు అంది. ఆ మాటకు నాకు ఒళ్ళు పొంగింది, వెంటనే అనుమానమూ వచ్చింది. నిన్నటిదాకా నా తెలుగు ఆమెకు నవ్వులాట. ఈ రోజు నేనూ ఆమే ఒక్కటి. ఇంకో ఆడదాన్ని బయట నిలబెట్టడానికి నన్ను లోపలికి పిలిచింది, అంతే. అది తెలిసి కూడా నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

"అత్తయ్యగారు నడుస్తున్నారు కదా, వచ్చే నెలనుంచి ఒక్క మనిషి చాలంటున్నారు మావారు," అంది టీచరమ్మ. "నాకైతే నువ్వే ఉండాలని. అత్తయ్యగారు ఆమెనే అంటున్నారు. ఆమె ఏమిటోళ్ళో, ఏమో. నువ్వు కొంచెం కనుక్కో."

ఇద్దరిలో ఒకరు. నాకు అర్థమైంది. ఆమె ఉంటే నేను మరిది వాకిలికి. నేను ఉంటే ఆమె ఎక్కడికో. ఆమె ఎక్కడికి పోతుందో నాకెందుకు అనుకున్నాను.

మరుసటి రోజు పని మారే వేళకు పెరట్లో ఉతికిన గుడ్డలు మడతపెడుతూ మొదలుపెట్టాను.

"నగరిలో యాడ మే మీది?"

"నగరి పక్కన."

"పక్కనంటే?"

"పక్కనంటే పక్కనే అక్కా. ఈ పక్క కాదు, ఆ పక్క."

"మీ ఆయన?"

"మెడ్రాసులో ఉండాడు."

"ఏం పని?"

"ఏది దొరికితే అది."

"ఎప్పుడొస్తాడు?"

"లీవు దొరికితే."

"ఏది దొరికితే అది చేసేవోడికి లీవు ఎవురిస్తారు మే?"

ఆమె గుడ్డ మడత ఆపి నన్ను చూసి నవ్వింది. "నువ్వు పోలీసులో ఉండాల్సిందక్కా. ఈడ ముసలామె దగ్గర ఏం జేస్తాండావు?"

"సరే, మీరేమిటోళ్ళు? అది చెప్పు."

"నన్నడిగేదెందుకు? నువ్వే యోచన చేసి ఒకటి పెట్టుకో. నాకేం అడ్డం లేదు."

అని ఊరుకుంటే బాగుండేది. పోతూ పోతూ నా దగ్గరికి వంగి, "జాతరకు మీ అత్తోళ్ళ ఊరికి పోయొచ్చినావంటనే, పెద్దామె చెప్పింది," అంది. "ఏం వండినారక్కా? నామం ఇంటోళ్ళు జాతరకు పప్పే వండుతారా?"

నేను గుడ్డలు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఇద్దరమూ ఒకరి ముడి ఒకరం చేత్తో తడిమి చూసుకున్నాం. విప్పలేదు.

ఆ తర్వాత పెరటాసి నెల వచ్చింది. పెద్దామె మంచం మీద ఉన్నప్పుడు ఒక మొక్కు మొక్కిందట. లేచి నిలబడితే ఇళ్ళు తిరిగి చెంబు నిండా బియ్యం అడుక్కొచ్చి తళిగ వేస్తానని. నిలబడింది, కానీ వీధుల్లో తిరగలేదు. టీచరమ్మకు ఇది తల కొట్టేసినట్టుంది. మనం ఇచ్చేవాళ్ళమే గానీ అడిగేవాళ్ళమా అంటుంది. పెద్దామె వినదు.

"అడుక్కున్న బియ్యమే కావాలి. కొన్న బియ్యం నాకొద్దు."

"ఎవరు పోతారు అత్తయ్యా? నేనా, బడి టీచర్ని, ఆ గేట్ల ముందు గోవిందా అంటూ?"

"నా తరపున ఎవరో ఒకరు. నామం ఉన్నవాళ్ళు."

నామం అనగానే నేను ముందుకు వచ్చాను. ఇది నా పుట్టింటి పని. చిన్నప్పుడు చెంబు మోసిన చెయ్యి నాది. టీచరమ్మ నా వైపు చూసింది, మెడ వైపు చూసింది, నొసటి వైపు చూసింది. "నువ్వు వేరేగా అనుకోకు. శుభం కోసం కదా. చెంబు ముత్తైదువ చేతిలో ఉంటే బాగుంటుంది," అంది.

పెద్దామె కూడా మొగుడు పోయిన మనిషే. నేను ఆమె వైపు చూశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

అలా చెంబు నగరి ఆమె చేతికి పోయింది. అరవం మనిషి, ఏ ఊరో తెలియదు, ఏమిటోళ్ళో తెలియదు. బొట్టు ఉంది, అది చాలు. మన తెలుగువాళ్ళం అన్న మాట ఏమైందో. నాకు టీచరమ్మ వేరే పని ఇచ్చింది. "నువ్వూ ఆమె వెంట పో. మన వీధి దాటనివ్వకు. ఏ ఇంట అడిగిందో వచ్చి నాకు చెప్పు."

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ఆమె చెంబుకు నామం దిద్ది, దాని మెడకు పసుపు దారంతో తులసి కట్టింది. చక్కగానే కట్టింది, అది కూడా నాకు నచ్చలేదు. నేను రెండు అడుగులు వెనక.

మొదటి అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. పక్కింటి బెల్లు నొక్కితే గోడలోంచి గొంతు వచ్చింది, "ఏ ట్రస్టు?" అని. ఒకామె బాల్కనీలోంచి, "బియ్యం లేవమ్మా, స్కానర్ ఉందా?" అంది. నగరి ఆమె చెంబు పైకెత్తి చూపించి, "ఇదే స్కానరమ్మా," అంది. ఆమె తలుపు వేసుకుంది. నాకు నవ్వొచ్చింది, మింగేశాను. ఇంకొకాయన, వీబూది పెట్టుకున్నాయన, మాది శివుడమ్మా అని చేతులు జోడించాడు. వీధి చివర ఒక్క ఇంట్లో ఒక పిడికెడు వేశారు. వీధి అయిపోయింది. చెంబు అడుగు కనిపిస్తూనే ఉంది.

"నిండకపోతే మొక్కు తీరినట్టు కాదక్కా," అంది ఆమె. "నా ఎంట రా. యాడికని అడగొద్దు."

"వీధి దాటొద్దన్నారు."

"అయితే నువ్వు ఈడే నిలబడు. నేను యాడికి పోయినానో నీకు తెలీదు. టీచరమ్మకు ఏం చెప్తావు?"

పోయాను. రైలు పట్టాలు దాటించి, ఊరి చివర కాలనీకి తీసుకుపోయింది. కాలనీ అంటే ఏ కాలనీయో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ ప్రతి వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు వేసి ఉంది. తలుపులకు నామాలు. రేకుల చర్చి పక్కింటి తలుపుకూ నామమే. చర్చి గోడ మీద ఆరేసిన చీరలున్నాయి. ఆడవాళ్ళు చేటల్లో బియ్యం పట్టుకుని మా కోసమే ఉన్నట్టు బయటికి వచ్చారు. గోవిందా అంటే ఇంట్లోంచి పిల్లలు కూడా గోవిందా అన్నారు.

మూల మీద ఉడకేసిన శనక్కాయలు అమ్ముకునే ముసలామె ఉంది. కొంగు తలమీదుగా చెవుల వెనక్కి చుట్టుకున్న తీరు చూడగానే తెలిసింది, సాయిబుల ఆమె. ఆమె పిడికిలి చెంబు మీదికి వస్తుంటే నా చేయి అడ్డం పోబోయింది. ఆమె చూసింది.

"ఏమ్మా, నీకేనా సామి?" అంది నాతో. "మనవడికి జరం వదల్లేదు. నేనూ మొక్కినాను. గట్టిగా అను గోవిందా. సిగ్గుపడితే ఆయన ఇయ్యడు."

బియ్యం వేసింది. నగరి ఆమె వంగి ఆమె కాళ్ళు తాకింది. చెంబు గొంతుదాకా వచ్చింది.

అప్పుడు కుళాయి దగ్గర బిందె పట్టుకునే ఒకామె నగరి ఆమెను కేకేసింది. "మే, మీ ఆయన పోయి ఏడాది అవతాంది గదా. మీ అత్త చర్చిలో ప్రార్థన పెట్టిస్తుందంట, నిజమేనా? లేకపోతే నువ్వు ఇంట్లో ఆయన పేరున ఆకు వేస్తావా?"

ఒక్క మాటలో అంతా వచ్చేసింది. నేను వారాల తరబడి తవ్వినా దొరకనిది కుళాయి దగ్గర దొరికింది. ఆమె ఉండేది ఈ కాలనీలో. మొగుడు లేడు. అత్తది చర్చి. తల్లో పూలు మాత్రం అలాగే ఉన్నాయి.

తిరిగి వస్తూ పట్టాల దగ్గర రైలు కోసం ఆగినప్పుడు నేనే అడిగాను. "పూలు ఎందుకు మే?"

ఆమె చెంబును ఇంకో చంకకు మార్చుకుంది. "పూలు లేకుండా నగరిలో పనికి తిరిగినాను. పొద్దున్నే నా మొగం సూస్తే వాళ్ళకు మంచిది కాదంట. ఈడికొచ్చి పూలు పెట్టుకున్నాను. మొదటి ఇంట్లోనే రమ్మన్నారు."

"నాకు పూలు లేకుండానే ఇచ్చినారే."

"నీకు కులం ఉండాది గదక్కా. నాకు పూలుండాయి."

రైలు పోయింది. గేటు లేచింది. ఆమె కదల్లేదు.

"చెప్తావా?" అంది.

"ఏమో," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఇంట్లో టీచరమ్మ బియ్యాన్ని పళ్ళెంలో పోసి ఏరడం మొదలుపెట్టింది. వేలు ఒకచోట ఆగింది. ఒక గింజ సన్నం, ఒక గింజ లావు, ఒకటి ఉప్పుడు బియ్యంలా పసుపు. "మన వీధిలో ఇంత లావు బియ్యం ఎవరు తింటారు? రేషన్ బియ్యంలా ఉన్నాయే."

నగరి ఆమె నా వైపు చూడలేదు. చెంబు తోముతూనే ఉంది, తోమిందే తోముతోంది.

"సామికి ఇచ్చే బియ్యం కదమ్మా. మంచివి ఎవురిస్తారు? మంచివి వాళ్ళు తిని ఇవి ఇచ్చింటారు," అన్నాను.

"ఏ ఇళ్ళలో అడిగారు?"

"నామం ఉండే ఇళ్ళేనమ్మా. తలుపు తలుపుకూ నామమే."

శనక్కాయల ముసలామె సంగతి నా నోట్లోనే ఉంచుకున్నాను. టీచరమ్మకు మనుషుల మీద అనుమానం ఉంది కానీ నామం మీద లేదు. పొంగలి వండింది, ఆకు వేసింది, హారతి ఇచ్చింది. పెద్దామె కూర్చుని తింది. "ఒక గింజ ఉడికింది, ఒక గింజ ఉడకలేదు. ఏం వంట ఇది?" అని సణిగింది. సణుగుతూనే ఇంకొంచెం పెట్టమంది.

ఆ వారంలోనే టీచరమ్మ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. నేను కింద, ఆమె పైన. మొదటిరోజు లాగే.

"మీ అత్తగారింట్లో జాతరకు మేకను కొడతారట. నువ్వు పోయి తిని, రెండో రోజు వచ్చి అత్తయ్యగారికి అన్నం తినిపించావట."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. చెప్పేది ఒక్కరే.

"నామం మా పుట్టిల్లమ్మా. అది అబద్ధం కాదు."

"నువ్వు ఉండేది ఏ ఇంటి పేరుతో?"

ఆ ఇంటి పేరు మోస్తున్నాను, ఆ ఇంట్లో నాకు చాప వేసే చోటు లేదు. ఇది ఆమెకు చెప్పి లాభం లేదు. నెలాఖరుదాకా కూడా ఆగొద్దంది. నేను గోడమీది గ్లాసు తీసి పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కున్నాను. ఆమె గేటుదాకా వచ్చింది. గొంతు తగ్గించింది, ఆ రోజు పెరట్లో తగ్గించినట్టే.

"ఆమె సంగతి ఏమైనా తెలిసిందా? ఇప్పుడైనా చెప్పు."

చెప్పేవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటి చాలు. కానీ చెబితే నా పని వెనక్కి వస్తుందా? రాదు. ఇద్దరమూ పోయి మూడో మనిషి వస్తుంది. పైగా ఆ లావు బియ్యం ఎవరివో బయటికి వస్తాయి, వండిన చేతులు టీచరమ్మవి, తిన్నది పెద్దామె, నామం ఇళ్ళని చెప్పిన నోరు నాది. ఇదంతా ఆ గేటు దగ్గరే ఆలోచించాను. ఇంకోటి కూడా ఉంది. ఆమె నొసటన బొట్టు చెరిపిస్తే, అది వచ్చి నా నొసటన పడదు.

"ఏమీ తెలీలేదమ్మా. నోరు తెరవని మనిషి," అన్నాను.

బస్సు కోసం నిలబడి ఉంటే నగరి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. పనికి వస్తూ దారిలో నన్ను చూసింది.

"చెప్పినావా?"

"నువ్వు చెప్పినావు గదా."

"నువ్వు చెప్తావని చెప్పినాను. ముందు చెప్పినోళ్ళ మాటే నమ్ముతారు అక్కా. రేపు నువ్వు చెప్పినా, కోపంతో చెప్తాండాదని అనుకుంటారు."

"మంచి యోచన."

"చెప్పినావా లేదా?"

"పోయి సూసుకో," అని బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఆమె అక్కడే నిలబడి తల్లో పూలు సర్దుకుంటోంది. ఆ ఇంటి గేటు తెరిచేటప్పుడు ఆమె గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. కొట్టుకోనీ అనుకున్నాను.

తర్వాత నేను ఆస్పత్రి గేటు దగ్గర కూర్చునే ఆడవాళ్ళలో కూర్చున్నాను. రోగుల దగ్గర ఉండడానికి మనుషులు కావలసినవాళ్ళు అక్కడికి వచ్చి అడుగుతారు. అక్కడ కూడా గుంపులే. అరవంవాళ్ళు చెట్టు నీడన, చర్చివాళ్ళు మెట్ల పక్కన, మావైపువాళ్ళు గోడ దగ్గర. చెట్టు నీడ మంచిది, కానీ మావాళ్ళు ఎండలోనే కూర్చుంటారు. పని ఒకరోజు దొరికితే వారం దొరకదు. మరిది ఫోన్ చేసి, "వచ్చేయ్ వదినా, ఇంట్లో మనిషి లేక ఎట్టో ఉండాది," అన్నాడు. అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. విచారిస్తే రెండు ఆవులు ఈనాయని తెలిసింది. గది బాడుగకిచ్చినామె కూడా ఎప్పుడు ఖాళీ చేస్తావని అడగడం మొదలుపెట్టింది. బట్టలు మూట కట్టుకున్నాను కూడా.

ఆ పూటే నగరి ఆమె ఫోన్ వచ్చింది.

"అక్కా, ఒక ఇల్లుండాది. ఆర్కాటు పక్కనుంచి వాళ్ళమ్మకు వైద్యం కోసం వచ్చి ఈడే ఇల్లు తీసుకున్నారు. రాత్రీ పగలూ మనిషి కావాలంట. పూలు లేకపోయినా పరవాలేదంటారు."

"నన్నెందుకు పిలుస్తాండావు?"

"నువ్వు చెప్పలేదు గదా."

"అది నీకెట్ట తెలుసు?"

"నన్నింకా తరమలేదు."

"రేపు తరుముతారేమో."

"నువ్విట్టనే మాట్లాడతావని తెలిసే, పిలిచేదానికి ఇన్ని దినాలు ఆలోచన చేసినాను," అంది.

నన్ను ఆ ఇంట్లో పెట్టి నా నోరు మూయిద్దామనుకుంటోందా, ఏదో పెట్టి నన్ను తన చేతికింద ఉంచుకుందామనుకుంటోందా? మూట వైపు చూశాను. "నేను ఎవురని చెప్పినావు?"

"మా అక్క అని."

"అయితే నేను ఏమిటోళ్ళు?"

"నేను చెప్పినోళ్ళే."

"నువ్వేం చెప్పినావు మే?"

నవ్వింది. "అడిగితే నా పేరు చెప్పు. సాలు."

పోయాను. తలుపు తీసినామె నా నొసటి వైపు చూసింది, మెడ వైపు చూసింది. ఎవరని అరవంలో అడిగింది. ఫలానా ఆమె అక్కనని నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆమె పక్కకు జరిగింది. కాళ్ళు కడుక్కొమ్మని, వంటింట్లో పొయ్యి మీద గంజి ఉంది, దించి వాళ్ళమ్మకు తీసుకురమ్మని చెయ్యి చూపించింది.

వంటింటి గడప దగ్గర నేను నిలబడిపోయాను. ఏ కులం పేరు మీద నన్ను లోపలికి పంపుతున్నారో నాకు తెలియదు. నాకంటే పైదా, కిందిదా, ఇప్పటికీ అడగలేదు. ఆమె వెనకనుంచి మళ్ళీ ఏదో అంది, తొందరపెడుతున్నట్టు. లోపలికి పోయి, కొంగు మడిచి గిన్నె పట్టుకుని, గంజి దించాను.